మెదడు పనికి రక్తం సాక్ష్యం

మనిషి మెదడు బరువు శరీరం మొత్తం బరువులో నూటికి రెండు పాళ్ళే అయినా, విశ్రాంతిగా ఉన్న శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు ఆ ఒక్క అవయవానికే ఖర్చవుతుంది. గుండె నిమిషానికి బయటికి పంపే రక్తంలో సుమారు 15 శాతం, అంటే ముప్పాతిక లీటరు వరకు, మెదడుకే చేరుతుంది. కాలేయం, కండరాలు తమకు కావలసిన గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ రూపంలో కొంత దాచుకోగలవు గాని, మెదడుకు చెప్పుకోదగినంత నిల్వ లేదు. అందువల్లనే మెదడుకు రక్తం పూర్తిగా ఆగిపోతే పది సెకన్లు గడవక ముందే మనిషి స్పృహ తప్పుతాడు, మరికొన్ని నిమిషాలు గడిస్తే నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. రక్తం మీద ఇంతగా ఆధారపడిన అవయవంలో ఏ భాగం ఎప్పుడు ఎంత పని చేస్తున్నదో ఆ భాగానికి వెళ్ళే రక్తాన్ని బట్టి తెలుసుకోవచ్చుననే ఆలోచన పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో పుట్టి, వంద సంవత్సరాల తరువాత ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అనే పరీక్షగా స్థిరపడింది.

పత్రికలలోను, టెలివిజన్‌లోను తరచు కనిపించే రంగురంగుల మెదడు బొమ్మలలో చాలావరకు ఈ పరీక్ష ఫలితాలే. బొమ్మలో ఎర్రగానో పసుప్పచ్చగానో కనిపించే చోట ఆలోచన జరుగుతున్నదని, భయమో ప్రేమో అక్కడే ఉన్నదని చూసేవారు అనుకోవడం సహజం. అయితే ఆ రంగులు స్కానర్ తీసిన ఛాయాచిత్రంలోనివి కావు. రక్తంలోని ఆక్సిజన్ పరిమాణంలో వచ్చిన అతి స్వల్పమైన మార్పును గణాంక పద్ధతులతో లెక్కించి, ఆ లెక్కను కంటికి కనిపించేలా చేయడానికి కంప్యూటర్ వేసిన రంగులవి. నాడీకణాల పనికీ, ఈ రక్తపు మార్పుకూ మధ్య ఉన్న సంబంధాన్ని శాస్త్రజ్ఞులు నాడీ–రక్తనాళ అనుసంధానం అంటారు. ఆ అనుసంధానం ఎలా ఏర్పడుతుంది, ఎంత గట్టిది, ఎక్కడ సడలుతుంది అన్నవి తెలిస్తేనే ఆ బొమ్మ దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తేలుతుంది.

మెదడు చేసే పని అంటే ప్రధానంగా విద్యుదావేశం గల అయాన్ల రాకపోకలు. ఒక నాడీకణం మరొకదానికి సందేశం పంపినప్పుడు సోడియం అయాన్లు కణంలోనికి, పొటాషియం అయాన్లు కణం బయటికి ప్రవహిస్తాయి. తరువాతి సందేశానికి కణం సిద్ధం కావాలంటే వాటిని తిరిగి యథాస్థానానికి చేర్చాలి. ఆ చేర్చే పని కణపు పొరలో ఉండే సూక్ష్మమైన పంపులది, వాటికి ఇంధనం ఏ.టి.పి. అనే అణువు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల చివరిలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని కండరాలలో గుర్తించగా, ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా గుర్తించాడు. మెదడులోని ఏ.టి.పి.లో అధిక భాగం గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో దహించడం వల్ల తయారవుతుంది, ఆ రెండింటినీ మోసుకువచ్చేది రక్తమే. కాబట్టి పని పెరిగిన చోట ఇంధనం ఖర్చు పెరగాలి, ఖర్చు పెరిగిన చోటికి రక్తం ఎక్కువగా రావాలి అన్న తర్కం సులభంగానే తోస్తుంది. దానిని నిరూపించడానికి మాత్రం ఒక శతాబ్దం పట్టింది.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆంజెలో మోసో 1870, 1880 దశకాలలో, గాయం వల్ల కపాలపు ఎముక కొంత పోయి, ఆ చోట మెదడు కదలిక చర్మం మీదుగా కనిపించే రోగులను పరిశీలించాడు. బెర్తీనో అనే రైతు తలకు అమర్చిన పరికరంలో, మధ్యాహ్నం చర్చి గంటలు మోగినప్పుడు, ఎనిమిదిని పన్నెండుతో హెచ్చవేయమని అడిగినప్పుడు, మెదడు స్పందన హెచ్చడం గీతలుగా నమోదైంది. ముంజేతిలోని రక్తనాళాల స్పందన అదే సమయంలో అంతగా మారలేదు కనుక, ఈ మార్పు గుండె వేగం వల్ల శరీరమంతటా వచ్చినది కాదని, మెదడుకే ప్రత్యేకమైనదని మోసో భావించాడు. మనిషిని త్రాసు వంటి బల్ల మీద పడుకోబెట్టి, మానసిక శ్రమతో తలవైపు బరువు పెరుగుతుందేమోనని కూడా ఆయన ప్రయోగం చేశాడు.

1890లో కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ రాయ్, చార్లెస్ షెరింగ్టన్ జంతువుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా ఒక స్పష్టమైన ప్రతిపాదన చేశారు: మెదడు పని చేస్తున్నప్పుడు తయారయ్యే రసాయన పదార్థాలు అక్కడి రక్తనాళాలను విప్పారేలా చేస్తాయి, అందువల్ల ఏ భాగంలో పని హెచ్చితే ఆ భాగానికి రక్తం సరఫరా కూడా తనంతట తాను హెచ్చుతుంది. ఈ నాటికీ ఈ రంగానికి పునాదిగా చెప్పుకునే ఈ ప్రతిపాదన ఆనాడు నిలదొక్కుకోలేదు. 1896లో లెనార్డ్ హిల్ మెదడు పనికీ, రక్త ప్రసరణకూ అటువంటి సంబంధమేమీ కనిపించలేదని ప్రకటించగా, ఆయన మాటకున్న పలుకుబడి వల్ల ఈ విషయం మీద పరిశోధన మూడు దశాబ్దాలపాటు వెనుకబడింది.

మళ్ళీ దారి తెరిచినది బోస్టన్‌లోని ఒక రోగి. మెదడు వెనుక భాగంలో, చూపుకు సంబంధించిన ప్రాంతంలో, రక్తనాళాలు చిక్కుపడి ఉన్న ఒక యువకుడికి హార్వీ కుషింగ్ శస్త్రచికిత్స చేసి, ఆ నాళాలను తొలగించడం సాధ్యం కాక, పైన ఎముక కొంత లేకుండానే గాయాన్ని మూశాడు. ఆ చోట రక్తం పారే చప్పుడు బయటికే వినిపించేది. చదవడం మొదలుపెడితే ఆ చప్పుడు పెరిగేది, వాసన చూడడం వంటి ఇతర పనులకు పెరిగేది కాదు. జాన్ ఫుల్టన్ ఆ చప్పుడును నమోదు చేసి 1928లో ప్రచురించాడు. చూపుకు సంబంధించిన ప్రాంతానికి వెళ్ళే రక్తం చూపు పనితోనే హెచ్చడం, ఆ హెచ్చు కూడా కళ్ళ మీద కేవలం వెలుతురు పడినందుకు కాక శ్రద్ధగా చదివినందుకు స్పష్టంగా రావడం ఈ పరిశీలనలోని విశేషాలు.

ఆ తరువాత కొలత వచ్చింది. సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ 1940లలో నైట్రస్ ఆక్సైడ్ వాయువును కొద్దిగా పీల్పించి, ధమనిలోను, మెదడు నుంచి తిరిగి వచ్చే సిరలోను దాని పరిమాణం ఎలా మారుతుందో చూసి, మనిషి మెదడుకు ప్రతి 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుందని లెక్కకట్టారు. చిత్రమేమిటంటే, ఇదే పద్ధతిలో 1955లో లూయీ సోకొలాఫ్, ఆయన సహచరులు మనసులో లెక్కలు చేయించి చూడగా మొత్తం మెదడుకు వెళ్ళే రక్తంలో మార్పు కనిపించలేదు. మెదడు ఎప్పుడూ ఊరికే ఉండదని, ఏదో ఒక పనికి అదనంగా అయ్యే ఖర్చు అప్పటికే నడుస్తున్న మొత్తం ఖర్చులో చాలా చిన్నదని, ఆ చిన్న మార్పు కూడా కొన్ని చోట్లకే పరిమితమని ఆ ఫలితం సూచించింది. కనుక మొత్తాన్ని కాక, ఒక్కొక్క చోటును విడివిడిగా కొలవవలసిన అవసరం ఏర్పడింది.

కోపెన్‌హేగన్‌కు చెందిన నీల్స్ లాసెన్, స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన డేవిడ్ ఇంగ్వార్ రేడియో ధార్మికత గల జెనాన్‌ను రక్తంలోకి పంపి, తల చుట్టూ అమర్చిన డిటెక్టర్లతో ఆ పని చేశారు. 1970లలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పెట్ స్కానర్ రూపుదిద్దుకొన్న తరువాత, రెండు నిమిషాలకు సగానికి తగ్గిపోయే రేడియో ధార్మిక ఆక్సిజన్‌తో తయారైన నీటిని సిరలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ ఎంత చేరుతున్నదో చూడడం సాధ్యమయింది. ఆ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫాక్స్, మార్కస్ రేకల్ 1986లోను, మరికొందరితో కలిసి 1988లోను ప్రచురించిన కొలతలు ఈ మొత్తం కథకు మలుపు. కంటికి తీవ్రమైన దృశ్య ప్రేరణ ఇచ్చినప్పుడు చూపు ప్రాంతానికి వచ్చే రక్తం 50 శాతం, అక్కడ ఖర్చయ్యే గ్లూకోజ్ 51 శాతం పెరిగాయి. ఆక్సిజన్ ఖర్చు మాత్రం 5 శాతమే పెరిగింది.

అంటే రాయ్, షెరింగ్టన్‌ల నాటి నుంచి అందరూ ఊహించినట్లు రక్తం ఆక్సిజన్ అవసరానికి సరిగ్గా తూచినట్లు రావడం లేదు, అవసరానికి మించి వస్తున్నది. పెళ్ళి భోజనాలలో ఒక వరుసవారు గబగబ తింటున్నారని గమనించిన వడ్డించేవారు గిన్నెల మీద గిన్నెలు తెస్తే, ఆ వరుసలో తినడం పెరిగినప్పటికీ గిన్నెలలో మిగిలే అన్నం మునుపటికంటే ఎక్కువగానే ఉంటుంది; మెదడులో పని పెరిగిన చోట రక్తంలో ఆక్సిజన్ తగ్గడానికి బదులు పెరగడం ఈ రీతిలోనిదే. ఇలా ఎందుకు జరుగుతున్నదన్నదానికి ఒకే సమాధానం లేదు. రక్తం వేగంగా పారినప్పుడు కేశనాళికలో ఎర్రకణం నిలిచే సమయం తగ్గి, అది ఇవ్వగలిగే ఆక్సిజన్ పాలు కూడా తగ్గుతుందని, అందువల్ల కణజాలానికి కాస్త ఎక్కువ ఆక్సిజన్ అందాలంటే రక్తం చాలా ఎక్కువ రావలసి ఉంటుందని రిచర్డ్ బక్స్‌టన్, లారెన్స్ ఫ్రాంక్ 1997లో వివరించారు. కొంత అదనపు గ్లూకోజ్ ఆక్సిజన్ అవసరం లేని మార్గంలో వేగంగా విచ్ఛిన్నమవుతుందని రేకల్ వర్గం వాదించింది.

కారణం ఏదైనా, ఆ మిగులే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.కి ఆధారమైంది. 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ హిమోగ్లోబిన్ అయస్కాంత గుణాలను కొలిచి, ఆక్సిజన్‌తో కూడిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంత క్షేత్రం అతి స్వల్పంగా వికర్షిస్తుందని, ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్‌ను ఆకర్షిస్తుందని కనుగొన్నారు. ఈ తేడాకు వైద్యంలో ఉపయోగం ఉంటుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. ఎం.ఆర్.ఐ. యంత్రం శరీరంలోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల నుంచి సంకేతాన్ని అందుకుంటుంది. ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న చోట అయస్కాంత క్షేత్రం స్థానికంగా చెదిరి, కేంద్రకాల భ్రమణాలు ఒకదానితో ఒకటి త్వరగా లయ తప్పి, సంకేతం బలహీనపడుతుంది. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పని చేస్తున్న జపాన్ శాస్త్రజ్ఞుడు సేజీ ఒగావా, ఎలుకల మెదడు చిత్రాలలో సిరలు నల్లని గీతలుగా కనిపించడం, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే ఆ గీతలు మాయం కావడం చూసి, 1990లో ఈ ప్రభావానికి బోల్డ్ అనే పేరు పెట్టాడు. రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని బట్టి మారే సంకేతం అని దాని భావం.

1992లో బోస్టన్‌లో కెనెత్ క్వాంగ్ బృందం, మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారితో కలిసి ఒగావా, విస్కాన్సిన్ వైద్య కళాశాలలో పీటర్ బాండెటినీ బృందం వేర్వేరుగా మనుషులలో ఈ సంకేతాన్ని చూపించారు. ఇంజెక్షన్ లేదు, రేడియో ధార్మికత లేదు, ఒకే మనిషిని ఎన్నిసార్లయినా పరీక్షించవచ్చు. పని పెరిగిన చోట తాజా రక్తం వెల్లువగా వచ్చి ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌ను పలుచన చేస్తుంది, క్షేత్రం చెదరడం తగ్గుతుంది, సంకేతం కొద్దిగా పెరుగుతుంది. ఈ పెరుగుదల సాధారణంగా ఒక శాతం నుంచి కొద్ది శాతాల వరకు ఉంటుంది, సూక్ష్మమైన మానసిక పనులలో ఒక శాతానికి తక్కువ. అందుకే ఒకే పనిని పదే పదే చేయించి సగటు తీసుకుంటారు.

పని పెరిగిన సంగతి రక్తనాళానికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు గత ముప్పై సంవత్సరాలలో వచ్చిన సమాధానం రాయ్, షెరింగ్టన్‌ల ఊహను కొంత నిలబెట్టి, కొంత మార్చింది. ఆక్సిజన్ తగ్గినందువల్లనో, వ్యర్థాలు పేరుకొన్నందువల్లనో నాళాలు విప్పారవలసి వస్తే రక్తం ఎప్పుడూ ఆలస్యంగానే చేరాలి. అసలు జరిగేది చాలావరకు ముందస్తు ఏర్పాటు: నాడీకణాలు సందేశాలను ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే గ్లూటమేట్ అనే రసాయనమే కణాలలో కాల్షియం పెంచి, నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు వంటి పదార్థాల విడుదలకు కారణమవుతుంది. నాడీకణాలను, రక్తనాళాలను రెండింటినీ తాకుతూ ఉండే ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రాకారపు కణాలు, కేశనాళికలను చుట్టుకొని ఉండే పెరిసైట్లు అనే సంకోచ కణాలు, నాళం లోపలి పొర కణాలు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. ఏ కణం వంతు ఎంత అన్నది మెదడులోని ప్రాంతాన్ని బట్టి మారుతుంది. సన్నని గొట్టంలో ప్రవాహం దాని వ్యాసానికి నాలుగో ఘాతం చొప్పున మారుతుంది కనుక, చిన్న ధమని వ్యాసం పది శాతం పెరిగితే చాలు, సూత్రం ప్రకారం ప్రవాహం 46 శాతం పెరగడానికి వీలవుతుంది.

అయినప్పటికీ నాళాల స్పందన నాడీకణాల స్పందన ముందు చాలా మందకొడి. నాడీకణం ఒక సందేశాన్ని సెకనులో వెయ్యో వంతు కాలంలో పంపుతుంది. బోల్డ్ సంకేతం ఒకటి రెండు సెకన్ల తరువాత మొదలై, ఐదారు సెకన్లకు శిఖరాన్ని చేరి, మరికొన్ని సెకన్లకు తగ్గి, తొలి స్థాయికంటే కొంచెం దిగువకు జారి, ఆ తరువాత కుదుటపడుతుంది. వినడం, గుర్తుపట్టడం, మాట వెతుక్కోవడం, బదులివ్వడం అన్నీ ఒక సెకనులో ముగిసిపోగా, వాటి వరుస ఈ అలలో ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. స్థలం విషయంలోనూ ఇటువంటి పరిమితే ఉంది. స్కానర్ మెదడును చిన్న చిన్న ఘనాలుగా విభజించి కొలుస్తుంది; మూడు మిల్లీమీటర్ల భుజం గల ఒక్క ఘనంలో లక్షల నాడీకణాలు ఉంటాయి. పైగా ఆక్సిజన్ మిగులుతో కూడిన రక్తం సిరలలోకి పారుతూ పోతుంది కనుక, సంకేతంలో కొంత భాగం పని జరిగిన చోటులో కాక దాని దిగువన ఉన్న సిరలో కనిపించవచ్చు.

ఇక ఏ రకమైన పనికి ఈ సంకేతం సాక్ష్యం అన్నది మరింత లోతైన ప్రశ్న. జర్మనీలోని ట్యూబింగెన్‌లో నికోస్ లోగోథెటిస్ బృందం కోతుల మెదడులోని చూపు ప్రాంతంలో ఎలక్ట్రోడ్లు అమర్చి, అదే సమయంలో ఎం.ఆర్.ఐ. కూడా తీసి, 2001లో ఫలితాలు ప్రచురించింది. నాడీకణాలు బయటికి పంపే సందేశాలకంటే, ఆ ప్రాంతానికి బయటి నుంచి వచ్చే సందేశాలనూ, అక్కడే జరిగే స్థానిక వ్యవహారాన్నీ ప్రతిబింబించే మందమైన విద్యుత్ తరంగాలతో బోల్డ్ సంకేతం కొంత ఎక్కువగా సరిపోలింది. దీని అర్థం చిన్నది కాదు. ఒక ప్రాంతం తనకు వచ్చిన సమాచారాన్ని అందుకొని, ఏ నిర్ణయమూ బయటికి పంపకపోయినా బొమ్మలో అది వెలుగుతూనే కనిపించవచ్చు. ఒక నాడీ సమూహాన్ని మరొక సమూహం అణచి ఉంచే పని, అంటే నిరోధం, జరుగుతున్నా అందుకూ శక్తి ఖర్చవుతుంది కనుక రంగు మారవచ్చు. ప్రోత్సాహాన్ని, నిరోధాన్ని విడదీసి చెప్పడం రక్తానికి చేతకాదు.

ఈ అనుసంధానం మనిషి మనిషికీ, ఒకే మనిషిలో వేళ వేళకూ మారుతుందన్నది రెండో హెచ్చరిక. కాఫీలోని కెఫీన్ రక్తనాళాలను విప్పార్చే అడినోసిన్ చర్యను అడ్డుకొని మెదడుకు వెళ్ళే రక్తాన్ని 20 నుంచి 30 శాతం వరకు తగ్గించగలదు; ఊపిరి బిగబట్టినప్పుడు రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్ అందుకు వ్యతిరేకంగా నాళాలను విప్పారుస్తుంది, నాడీకణాలు కొత్తగా ఏ పనీ మొదలుపెట్టకపోయినా సంకేతం పెరుగుతుంది. వయసు పైబడడం, అధిక రక్తపోటు, మెడలోని ధమనులు పూడుకొనిపోవడం వంటివి నాళాల సాగే గుణాన్ని తగ్గిస్తాయి. కనుక ఇరవై ఏళ్ళవారినీ, డెబ్బై ఏళ్ళవారినీ పోల్చి, పెద్దవారి మెదడులో ఫలానా చోట సంకేతం తక్కువగా ఉన్నదని చూపినంత మాత్రాన అక్కడి నాడీకణాలు తక్కువ పని చేస్తున్నాయని తేలదు. తేడా నాళాలలో కూడా ఉండవచ్చు. మెదడు కణితి పక్కన ఉన్న రక్తనాళాలు మామూలు స్పందనను కోల్పోవచ్చు కాబట్టి, బొమ్మలో ఖాళీగా కనిపించిన చోట మాటకు సంబంధించిన కేంద్రం సజీవంగా ఉండే అవకాశాన్ని శస్త్రవైద్యులు దృష్టిలో ఉంచుకోవాలి.

ఈ లోపాలకు విరుగుడు వెతకడంలోనే ఈ రంగంలోని మంచి పని చాలావరకు జరుగుతున్నది. మెడ దగ్గర ధమనిలోని నీటికి రేడియో తరంగాలతో అయస్కాంత గుర్తు పెట్టి, ఆ గుర్తుతో కూడిన రక్తం మెదడుకు చేరడాన్ని కొలిచే పద్ధతి రక్త ప్రవాహాన్నే నేరుగా తెలుపుతుంది. కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని కొద్దిసేపు పీల్పించి, ఆ మనిషి రక్తనాళాలు ఎంతవరకు సాగగలవో ముందుగా తెలుసుకొని లెక్క సరిచేసే విధానం కూడా ఉంది. తల మీది ఎలక్ట్రోడ్లతో తీసే ఈ.ఈ.జి. సెకనులో వెయ్యో వంతు తేడాను పట్టుకుంటుంది గాని చోటును కచ్చితంగా చెప్పలేదు; దానిని ఎం.ఆర్.ఐ.తో జతచేస్తే ఒకదాని కొరత మరొకటి కొంత తీరుస్తుంది. కదలకుండా పడుకోలేని పసిపిల్లల విషయంలో, కపాలం గుండా వెళ్ళగలిగే పరారుణానికి దగ్గరి కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చే కాంతిని బట్టి ఆక్సిజన్ మార్పును కొలిచే పరికరాలు వాడుతున్నారు.

1995లో భారతీయ సంతతికి చెందిన భరత్ బిస్వాల్ విస్కాన్సిన్‌లో పరిశోధక విద్యార్థిగా, ఏ పనీ చేయకుండా ఊరికే పడుకొన్న మనుషుల బోల్డ్ సంకేతంలోని నెమ్మదైన హెచ్చుతగ్గులను పరిశీలించి, చేతి కదలికలకు సంబంధించిన కుడి, ఎడమ ప్రాంతాలు ఒకే లయలో హెచ్చుతూ తగ్గుతూ ఉన్నాయని చూపించాడు. అంతకుముందు యంత్రపు రొదగా భావించి తీసివేస్తూ వచ్చిన హెచ్చుతగ్గులలో మెదడు ప్రాంతాల పరస్పర సంబంధాల పటం దాగి ఉన్నదని దీనితో తేలింది. ఊపిరి, గుండె చప్పుడు కూడా ఇటువంటి నెమ్మదైన హెచ్చుతగ్గులనే కలిగిస్తాయి కనుక, వాటిని వేరుచేయడం ఈ పరిశోధనలో తప్పనిసరి మెట్టు.

గణాంకాల జాగ్రత్త మూడోది. ఒక మెదడు బొమ్మలో 50 వేల ఘనాలు ఉన్నాయనుకొంటే, ఒక్కొక్క ఘనానికి నూటికి ఒక పొరపాటును అనుమతించే పరీక్ష పెట్టినా, ఏ మార్పూ లేని మెదడులో కూడా 500 ఘనాలు కాకతాళీయంగా వెలుగుతాయి. దీనిని ఎత్తిచూపడానికి 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చనిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, దిద్దుబాటు లేని గణాంకాలతో ఆ చేప మెదడులో కూడా క్రియాశీలత కనిపించేలా చేసింది. సరైన దిద్దుబాటు చేయగానే అది మాయమైంది. 2016లో ఆండర్స్ ఎక్లుండ్, ఆయన సహచరులు వాడుకలో ఉన్న కొన్ని సాఫ్ట్‌వేర్ పద్ధతులను పరీక్షించి, ఐదు శాతం ఉండవలసిన తప్పుడు ఫలితాలు కొన్ని సందర్భాలలో 70 శాతం వరకు చేరగలవని చూపించారు. ఇవి పద్ధతిని కొట్టివేసిన ఫలితాలు కావు, దిద్దిన ఫలితాలు.

పరిమితులు తెలిసి వాడినప్పుడు ఈ సాక్ష్యం ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ కేంబ్రిడ్జ్‌లో సహచరులతో కలిసి, రోడ్డు ప్రమాదం తరువాత స్పృహ లేనట్లు పడి ఉన్న ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమని, తరువాత తన ఇంటి గదులలో నడుస్తున్నట్లు ఊహించుకోమని అడగగా, ఆరోగ్యవంతులలో ఆ ఊహలకు స్పందించే ప్రాంతాలే ఆమెలోనూ స్పందించాయి. 2010లో అటువంటి 54 మంది రోగులను పరీక్షిస్తే ఐదుగురు తమ మెదడు స్పందనను కోరినట్లు మార్చగలిగారు. వారిలో ఒకరు ఆ పద్ధతిలోనే ప్రశ్నలకు అవును, కాదు అని బదులివ్వగలిగారు. ఇక్కడ వైద్యులు రోగి ఆలోచనను చదవలేదు. ఏ ఊహకు ఏ ప్రాంతంలో రక్తం పెరుగుతుందో ముందే తెలుసుకొని, ఫలానాది ఊహించమని కోరి, అది జరిగిందో లేదో మాత్రమే చూశారు. శస్త్రచికిత్సకు ముందు మాట, కదలిక కేంద్రాలను గుర్తించడంలోనూ ఇదే రీతి.

దీనికి తలకిందులైన వాదన, అంటే ఒక ప్రాంతం వెలిగింది కనుక ఆ మనిషిలో ఫలానా భావమే ఉన్నదని తేల్చడం, నిలవదు. భయానికి సంబంధించినదని పేరుపడిన అమిగ్డలా అనే భాగం కొత్తదనానికి, సంతోషానికి, ఆసక్తికి కూడా స్పందిస్తుంది; ఒక్కొక్క ప్రాంతం అనేక పనులలో పాల్గొంటుంది. అబద్ధాలను స్కానర్ పట్టుకుంటుందనే ప్రచారం ఈ తలకిందుల వాదన మీదనే నిలిచింది. మన దేశంలో విద్యుత్ తరంగాల ఆధారంగా నిందితుల మీద జరిపే బ్రెయిన్ మ్యాపింగ్ విషయంలో, నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలతో పాటు, 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వీ కేసులో తీర్పు చెబుతూ, వ్యక్తి అంగీకారం లేకుండా వీటిని జరపరాదన్నది. రక్తం ఆధారంగా చేసే పరీక్షకు కూడా ఆ జాగ్రత్తే వర్తించాలి.

కాబట్టి మెదడు బొమ్మను చూపించి ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు శ్రోతలు అడగవలసిన ప్రశ్నలు నాలుగు: ఈ రంగు ఏ స్థితితో ఏ స్థితిని పోల్చగా వచ్చింది, ఎంతమందిని పరీక్షించారు, పోల్చినవారి రక్తనాళాల ఆరోగ్యం, వయసు, మందులు ఒకే తీరుగా ఉన్నాయా, ఇదే ఫలితం మరొక ప్రయోగశాలలో వచ్చిందా. ఈ నాలుగింటికీ సమాధానం ఉంటే ఆ బొమ్మను నమ్మవచ్చు. సమాధానం లేనప్పుడు, ఎంత అందంగా ఉన్నా, అది మెదడులో ఒక చోటికి కొంచెం ఎక్కువ రక్తం వచ్చిందని మాత్రమే చెబుతుంది.